వీపీఎన్ ఆగిపోవడం అంత చిన్న లోపమా?

2020 వేసవి నాటికి హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల్లో చాలామంది సొంతూళ్లకు చేరిపోయారు. మాదాపూర్, గచ్చిబౌలి కార్యాలయాల్లో ఉండాల్సిన ల్యాప్‌టాప్‌లు ఖమ్మం, భీమవరం, కర్నూలు ఇళ్లలోకి, మేడ మీది గదుల్లోకి వచ్చాయి. పొద్దున్నే వాటిని తెరవగానే చేసే మొదటి పని వీపీఎన్ కలపడం. అది కలిస్తే ఆఫీసు తలుపు తెరుచుకున్నట్టు. కలవకపోతే ఎంత పని ఉన్నా చేతులు కట్టుకుని కూర్చోవాల్సిందే. కరెంటు ఉందా, సిగ్నల్ ఉందా అన్న ప్రశ్నల సరసన ‘వీపీఎన్ కనెక్ట్ అయిందా?’ అన్నది కూడా రోజువారీ మాటగా మారింది.

ఆ ఏడాది ఆగస్టులోనే సిస్కో సంస్థ విండోస్ కోసం తయారుచేసిన తన ఎనీకనెక్ట్ వీపీఎన్ క్లయింట్‌లో మూడు లోపాలున్నాయని ప్రకటించింది. వాటికి సీవీఈ-2020-3433, 3434, 3435 అని సంఖ్యలు పడ్డాయి. మొదటి లోపం వాడుకుని కంప్యూటర్‌పై పూర్తి అధికారం చేజిక్కించుకోవచ్చు. మూడోదానితో వీపీఎన్ ప్రొఫైళ్లను చెరిపి రాయవచ్చు. రెండోదైన 3434తో జరిగేది ఒక్కటే: వీపీఎన్ సేవ ఆగిపోతుంది. భద్రతా నిపుణులు ఈ తరహా లోపాన్ని డినయల్ ఆఫ్ సర్వీస్ అంటారు. అంటే హక్కున్న వ్యక్తికి అందాల్సిన సేవ అందకుండా చేయడం.

మొదటి లోపానికి తీవ్రత స్కోరు 7.8. రెండోదానికి 5.5, అంటే ‘మధ్యస్థం’. ప్యాచ్‌లు వేసే సిబ్బందికి చేతిలో ఎప్పుడూ పదుల కొద్దీ అప్‌డేట్లు పెండింగ్‌లో ఉంటాయి. వాళ్లు ఎరుపు రంగులో ఉన్నవి ముందు చూస్తారు, పసుపు రంగువి తర్వాత చూస్తారు. మధ్యస్థం అన్న ముద్ర పడిన లోపం సాధారణంగా ఆ వారం పనుల్లోకి రాదు. సేవ ఆగిపోవడమంటే డేటా పోవడం కాదుగా, మళ్లీ స్టార్ట్ చేస్తే సరిపోతుందిగా అన్న భావన ఆ జాప్యం వెనుక ఉంటుంది. చాలా సాఫ్ట్‌వేర్ల విషయంలో అది నిజమే. ఫొటోలు చూపే యాప్ ఆగిపోతే ఫొటోలు కనిపించవు, అంతే. వీపీఎన్ విషయంలో మాత్రం ఆ తర్కం నిలవదు.

5.5 ఎలా వచ్చిందో చూస్తే విషయం తేటపడుతుంది. సీవీఎస్ఎస్ అనే ఈ కొలమానం ఒక లోపాన్ని మూడు కోణాల్లో తూచుతుంది. గోప్యతకు ఎంత నష్టం, సమాచారం చెక్కుచెదరకుండా ఉండటానికి ఎంత నష్టం, సేవ అందుబాటుకు ఎంత నష్టం. 3434 విషయంలో మొదటి రెండింటికీ సున్నా. మూడోది ‘అధికం’. దాడి చేసే వ్యక్తి అదే కంప్యూటర్‌లో లాగిన్ అయి ఉండాలి కాబట్టి స్కోరు ఇంకాస్త తగ్గుతుంది. సూత్రంలో వేస్తే 5.5 వస్తుంది. లెక్కలో పొరపాటేమీ లేదు. కానీ ఇక్కడ గోప్యతకు సున్నా అంటే ఆ క్లయింట్ ప్రోగ్రాం కడుపులోంచి ఏ రహస్యమూ బయటికి పొక్కదని మాత్రమే అర్థం. ఆ ప్రోగ్రాం కాపలా కాస్తున్న సమాచారం సంగతి ఆ సున్నాలో లేదు. రాత్రి గస్తీ మనిషి నిద్రపోతే అతని జేబులోంచి ఏమీ పోకపోవచ్చు. వీధి సంగతి వేరు.

2023 నవంబరులో వచ్చిన సీవీఎస్ఎస్ 4.0 ఈ లోటును కొంత గుర్తించింది. లోపమున్న వ్యవస్థకు కలిగే నష్టాన్నీ, దాని మీద ఆధారపడిన ఇతర వ్యవస్థలకు కలిగే నష్టాన్నీ విడివిడిగా రాసే వీలు కల్పించింది. అయితే పాత లోపాలను ఎవరూ వెనక్కి వెళ్లి కొత్త కొలతతో తూచరు.

ఇంతకీ ఒక వీపీఎన్ క్లయింట్ ఎందుకంత తేలిగ్గా కూలుతుంది? కారణం దాని నిర్మాణంలోనే ఉంది. వాడేవాళ్లకు కనిపించేది చిన్న కిటికీ, అందులో ఒక బటన్. అసలు పని తెర వెనుక నడిచే మరో ప్రోగ్రాం చేస్తుంది. కంప్యూటర్‌లో ఒక కల్పిత నెట్‌వర్క్ కార్డును సృష్టించడం, డేటా ఏ దారిన వెళ్లాలో చెప్పే రూటింగ్ పట్టికను మార్చడం, పేర్లను చిరునామాలుగా మార్చే డీఎన్ఎస్ సెట్టింగులను తిరగరాయడం ఆ ప్రోగ్రాం పనులు. ఇవేవీ మామూలు యూజర్ అధికారంతో సాధ్యం కావు. అందుకే అది విండోస్‌లో అత్యున్నత అధికారమైన సిస్టమ్ హోదాతో నడుస్తుంది. బటన్ ఉన్న ప్రోగ్రాంకు మామూలు అధికారం, పని చేసే ప్రోగ్రాంకు సర్వాధికారం. ఇద్దరూ మాట్లాడుకోవడానికి ఒక కిటికీ కావాలి. ఎనీకనెక్ట్‌లో ఆ కిటికీ కంప్యూటర్ లోపలి చిరునామా 127.0.0.1లో 62522 నంబరు పోర్టు.

బయటి నెట్‌వర్క్ నుంచి ఆ పోర్టును ఎవరూ తట్టలేరు. కానీ ఆ కంప్యూటర్ లోపల నడుస్తున్న ఏ ప్రోగ్రాం అయినా తట్టగలదు. అటువైపు నుంచి వచ్చిన సందేశాన్ని సర్వాధికారమున్న ప్రోగ్రాం చదవాలి. ఈ తరహా సందేశాల్లో సాధారణంగా ‘తర్వాత ఇన్ని అక్షరాలు వస్తాయి’ అని ముందే రాసి ఉంటుంది. రాసిన సంఖ్యకూ, నిజంగా వచ్చినదానికీ పొంతన ఉందో లేదో సరిచూసుకోకుండా చదివితే ప్రోగ్రాం తనది కాని మెమొరీలోకి అడుగుపెడుతుంది, ఆపరేటింగ్ సిస్టమ్ దాన్ని అక్కడికక్కడే ఆపేస్తుంది. 3434కు కారణంగా సిస్కో చెప్పింది కూడా అందిన సమాచారాన్ని తగినంతగా సరిచూడకపోవడమే. ఆ సేవను విండోస్ మళ్లీ లేపినా, అదే సందేశాన్ని మళ్లీ మళ్లీ పంపుతూ ఉంటే అది లేచిన ప్రతిసారీ పడుతుంది.

పడిన తర్వాత ఏమవుతుందన్నదే అసలు ప్రశ్న. స్కోరు దాని జోలికి పోదు. వీపీఎన్ ఆగగానే కల్పిత నెట్‌వర్క్ కార్డు మాయమవుతుంది. దాంతోపాటు అది రాయించిన దారులూ చెరిగిపోతాయి. రూటింగ్ పట్టికలో ఇంటి వైఫై చూపే దారి ఒక్కటే మిగులుతుంది. ఆపరేటింగ్ సిస్టమ్ తన పని తాను చేసుకుపోతుంది, ఉన్న దారిలోనే డేటా పంపుతుంది. మెయిల్ ప్రోగ్రాం, చాట్ ప్రోగ్రాం, వెనుక నడిచే ఫైల్ బ్యాకప్ ఒక్క క్షణం ఆగి మళ్లీ కలుస్తాయి. అవి ఎవరినీ అడగవు. మూలన ఉన్న చిన్న బొమ్మ రంగు మారుతుంది. దాన్ని గమనించేవాళ్లెందరు?

ఇక్కడ అతిశయోక్తికి పోకూడదు. ఇవాళ వెబ్‌సైట్లలో అత్యధిక భాగం హెచ్‌టీటీపీఎస్‌తో నడుస్తున్నాయి, కాబట్టి సొరంగం కూలగానే పాస్‌వర్డులన్నీ రోడ్డున పడవు. అయినా ఎవరు ఏ సర్వర్‌తో మాట్లాడుతున్నారు, ఎప్పుడు, ఎంతసేపు అన్నది స్థానిక నెట్‌వర్క్‌ను చూసేవాళ్లకు కనిపిస్తుంది. డీఎన్ఎస్ ప్రశ్నలు చాలాచోట్ల ఇప్పటికీ ముసుగు లేకుండానే వెళ్తాయి. ఒక విలేకరి ఏ పత్రం కోసం ఏ సైటుకు వెళ్లారో, ఒక న్యాయవాది ఏ సంస్థ సర్వర్‌ను ఎన్నిసార్లు తెరిచారో తెలుసుకోవడానికి ఆ మాత్రం చాలు.

దీనికి విరుగుడుగా కిల్ స్విచ్ ఉందని వీపీఎన్ కంపెనీలు చెబుతాయి. సొరంగం లేకపోతే ఇంటర్నెట్టే లేకుండా చేసే ఏర్పాటది. ఆండ్రాయిడ్ ఫోన్లలో ‘వీపీఎన్ లేకుండా కనెక్షన్లను నిరోధించు’ అన్న సెట్టింగు ఆపరేటింగ్ సిస్టమ్‌లోనే ఉంది. ఇది మంచిదే. అయితే కిల్ స్విచ్ ఉన్నచోట డినయల్ ఆఫ్ సర్వీస్ లోపానికి అర్థం మారుతుంది. డేటా బయటపడదు గానీ మనిషి బయట పడతాడు. క్లయింట్‌ను పడగొట్టగలిగినవాడు ఆ కంప్యూటర్‌ను మొత్తంగా నెట్‌వర్క్ నుంచి తెంచేయగలడు. అర్ధరాత్రి ఇంటి నుంచి సర్వర్లను చూసుకునే ఉద్యోగికి ఆ గంట చాలా ఖరీదైనది.

ఈ రెండింటికీ మధ్య మూడో దారి ఒకటుంది. మనుషులు ఎక్కువగా నడిచేది ఆ దారినే. నాలుగుసార్లు వీపీఎన్ పడిపోయాక విసిగిపోయి, ఫైలును సొంత మెయిల్‌కు పంపుకోవడం, పని వాట్సాప్‌లో కానిచ్చేయడం. దాడి చేసేవాడు ఏమీ దొంగిలించనక్కర్లేదు. రక్షణ కవచాన్ని ఇబ్బందిగా మారిస్తే చాలు, ధరించినవాళ్లే దాన్ని విప్పి పక్కన పెడతారు. ఏ కొలమానంలోనూ దీనికి గడి లేదు.

సొరంగం బతికి ఉండగానే దాన్ని పక్కకు తప్పించవచ్చని 2024 మేలో లెవియాథన్ సెక్యూరిటీ సంస్థ పరిశోధకులు చూపించారు. టనెల్‌విజన్ అని వాళ్లు పేరు పెట్టిన ఈ పద్ధతికి సీవీఈ-2024-3661 అన్న సంఖ్య ఉంది. వైఫైలో చేరిన పరికరానికి చిరునామా ఇచ్చే డీహెచ్‌సీపీ ఏర్పాటులో 121వ ఐచ్ఛికం అంటూ ఒకటుంది. ఇది 2002 నుంచీ ఉన్నదే. ఫలానా చిరునామాలకు ఫలానా దారిన వెళ్లమని దాని ద్వారా నెట్‌వర్క్ తన పరికరాలకు చెప్పవచ్చు. దుర్బుద్ధి ఉన్న నెట్‌వర్క్ అయితే వీపీఎన్ చెప్పిన దారి కన్నా మరింత నిర్దిష్టమైన దారి చెప్పి డేటాను తనవైపు తిప్పుకోగలదు. క్లయింట్ మాత్రం కనెక్ట్ అయ్యే ఉన్నట్టు చూపిస్తుంది, కిల్ స్విచ్ కదలదు. ఆండ్రాయిడ్‌లో ఆ ఐచ్ఛికానికి మద్దతే లేదు కాబట్టి అది ఈ గండం నుంచి తప్పించుకుంది. లేకపోవడమే మేలైన సందర్భం.

డినయల్ ఆఫ్ సర్వీస్ చర్చకు పనికొచ్చేది దాని తర్వాతి మెలిక. సొరంగం బయటికి పోయే ప్రతి ప్యాకెట్‌నూ ఫైర్‌వాల్‌తో అడ్డుకోవడం కొన్ని క్లయింట్లు పాటించే ఉపాయం. అలా చేస్తే లీకు ఆగుతుంది. కానీ దాడిచేసేవాడు ఎంచుకున్న చిరునామాలకు మాత్రమే సేవ ఆగిపోతుంది, మిగతావన్నీ నడుస్తాయి. అతను ఒక చిరునామా ఎంచుకుంటాడు, దాని దారి మూసేస్తాడు, సొరంగంలో పారుతున్న డేటా పరిమాణం తగ్గిందో లేదో బయటి నుంచి గమనిస్తాడు. తగ్గితే ఆ వ్యక్తి ఆ సైటుతోనే మాట్లాడుతున్నాడని అంచనా వేయవచ్చు. ఒక్క అక్షరం చదవకుండానే, ఆపడం ద్వారానే రహస్యం రాబట్టే పద్ధతి ఇది. లభ్యతకు నష్టం, గోప్యతకు నష్టం అంటూ గీసుకున్న గీత ఇక్కడ చెరిగిపోతుంది.

అన్ని లోపాలూ ఇంత తెలివైన దాడులతో ముడిపడి ఉండవు. కొన్ని చిన్న పొరపాట్లే. ఓపెన్‌వీపీఎన్ 2.6.0 నుంచి 2.6.6 వరకు వెర్షన్లలో సున్నాతో భాగహారం చేసే లోపం ఒకటి బయటపడింది. సంఖ్య సీవీఈ-2023-46849. పెద్ద ప్యాకెట్లను ముక్కలు చేసి పంపే ఫ్రాగ్మెంట్ అనే సెట్టింగును కొన్ని సందర్భాల్లో ప్రోగ్రాం సరిగ్గా పునరుద్ధరించదు. దాంతో ఉండకూడని చోట సున్నా వచ్చి కూర్చుంటుంది. 2023 నవంబరులో వచ్చిన 2.6.7తో దాన్ని సరిచేశారు. సున్నాను సున్నాతో భాగిస్తే సున్నా అని క్రీ.శ. 628లో బ్రహ్మగుప్తుడు రాశాడు. తర్వాత భాస్కరాచార్యుడు సున్నాతో భాగించగా వచ్చే రాశిని ఖహరం అని పిలిచి, అది అనంతమన్నాడు. ఆధునిక చిప్‌లు కూడా ఒక మాట మీద లేవు. ఇంటెల్ తరహా ప్రాసెసర్లు పూర్ణాంకాన్ని సున్నాతో భాగించమంటే మొరాయిస్తాయి, ప్రోగ్రాం ఆగిపోతుంది. 64 బిట్ల ఆర్మ్ ప్రాసెసర్లు కిమ్మనకుండా సున్నా ఇచ్చి ముందుకెళ్తాయి. కాబట్టి ఒకే లోపం ఒక ల్యాప్‌టాప్‌లో సేవను ఆపేస్తుంది, పక్కనున్న మరోదానిలో కనిపించకుండా పోవచ్చు. పరీక్షలు ఒకే రకం యంత్రం మీద చేసి తృప్తిపడే సంస్థలు ఇది గుర్తుంచుకుంటే మంచిది.

3434 లాంటి లోపాలకు దాడి చేసేవాడు ఆ కంప్యూటర్‌లోనే ఉండాలన్న అభ్యంతరం సహేతుకమే. ఆ లోపలి వ్యక్తి ఎవరన్నది చూడాలి. మెయిల్‌లో వచ్చిన నకిలీ బిల్లును తెరవడం వల్ల చేరిన మాల్‌వేర్ అతనే కావచ్చు. దానికి అడ్మిన్ అధికారం ఉండదు, అయినా 127.0.0.1ను తట్టగలదు. పలువురు లాగిన్ అయ్యే కళాశాల ల్యాబ్ కంప్యూటర్‌లో పక్క విద్యార్థి కావచ్చు. ఒక్కోసారి ఆ ఉద్యోగే కావచ్చు. సంస్థ వీపీఎన్ ద్వారా తన బ్రౌజింగ్‌ను గమనిస్తోందని తెలిసి దాన్ని ఎలాగైనా ఆపాలనుకునేవాళ్లు ఉంటారు. డిస్‌కనెక్ట్ బటన్‌ను సంస్థ తీసేసినచోట క్లయింట్‌ను కూల్చే చిట్కాకు గిరాకీ ఉంటుంది.

మధ్యస్థం అన్న ముద్ర దాడులను ఆపదని చెప్పడానికి ద్వారం అటువైపు ఉదాహరణే ఉంది. 2024 అక్టోబరులో సిస్కో తన ఏఎస్ఏ, ఎఫ్‌టీడీ పరికరాల్లోని రిమోట్ వీపీఎన్ సేవలో మరో డినయల్ ఆఫ్ సర్వీస్ లోపాన్ని ప్రకటించింది. సీవీఈ-2024-20481. లెక్కలేనన్ని లాగిన్ ప్రయత్నాలతో పరికరం వనరులు అయిపోయి వీపీఎన్ సేవ నిలిచిపోతుంది. కొన్నిసార్లు పరికరాన్ని మళ్లీ స్టార్ట్ చేస్తే గానీ కోలుకోదు. స్కోరు 5.8. ప్రకటన వచ్చేనాటికే దాన్ని వాడుకుంటున్న సంగతి సిస్కోకు తెలుసు.

భారత్‌లో వీపీఎన్ చర్చ ఎక్కువగా ఒకే చోట ఆగిపోయింది. 2022 ఏప్రిల్ 28న సెర్ట్-ఇన్ జారీ చేసిన ఆదేశాలు వీపీఎన్ కంపెనీలు వినియోగదారుల వివరాలను 5 ఏళ్లు దాచాలన్నాయి. దాంతో కొన్ని అంతర్జాతీయ సంస్థలు భారత్‌లోని తమ సర్వర్లను తీసేశాయి. ఆ రగడలో గోప్యత, నిఘా, జాతీయ భద్రత అన్నీ వినిపించాయి. అవసరమైన చర్చే. కానీ ఉద్యోగులు రోజూ వాడే కార్పొరేట్ వీపీఎన్‌లకు ఆ లాగుల నిబంధన వర్తించదని సెర్ట్-ఇన్ తానే తర్వాత వివరణ ఇచ్చింది. అంటే కోట్ల పనిగంటలు ఆధారపడిన ఆ క్లయింట్ సాఫ్ట్‌వేర్ నాణ్యత గురించి అడిగినవాళ్లే లేరు. అదే ఆదేశాల ప్రకారం డినయల్ ఆఫ్ సర్వీస్ దాడులను 6 గంటల్లోగా తెలియజేయాలి. ఒక ల్యాప్‌టాప్‌లో వీపీఎన్ పదేపదే పడిపోతే అది దాడా, లేక మామూలు చికాకా? దాన్ని తేల్చేవాళ్లెవరు? హెల్ప్‌డెస్క్‌కు ఫోన్ చేస్తే వచ్చే సమాధానం చాలావరకు ఊహించదగ్గదే: ఒకసారి రీస్టార్ట్ చేయండి.

సెర్ట్-ఇన్‌కు 2021 నుంచి సీవీఈ సంఖ్యలు కేటాయించే అధికారం ఉంది. అలాంటి సంస్థ తన హెచ్చరికల్లో తీవ్రత స్థాయితో పాటు ఒక్క వాక్యం కలిపితే ఎంతో ఉపయోగం: ఈ సాఫ్ట్‌వేర్ ఆగిపోతే డేటా తెరుచుకున్న దారిన పోతుందా, లేక ఎక్కడిదక్కడ ఆగుతుందా? ప్రభుత్వ శాఖలు, బ్యాంకులు వీపీఎన్ కొనేటప్పుడు టెండరు పత్రంలో అడగాల్సింది కూడా ఇదే. కొనడానికి ముందే క్లయింట్ సేవను బలవంతంగా ఆపి, ఆ తర్వాతి నిమిషంలో ఆ కంప్యూటర్ నుంచి ఏ ప్యాకెట్లు ఎటు వెళ్లాయో చూడటానికి ఒక ఇంజినీరుకు ఒక మధ్యాహ్నం పడుతుంది. ఏ గుప్తీకరణ పద్ధతి వాడారన్న గడి నింపించుకునే చోట ఈ పరీక్ష ఫలితానికీ ఒక గడి ఉండాలి.

తయారీదారుల బాధ్యత ఇంకా పెద్దది. సర్వాధికారంతో నడిచే ప్రోగ్రాం ఎంత చిన్నదైతే అంత మేలు. 2020 మార్చిలో లినక్స్ 5.6తో కెర్నెల్‌లో చేరిన వైర్‌గార్డ్ కోడ్ సుమారు 4,000 పంక్తులే. ఒక మనిషి కూర్చుని ఆసాంతం చదవగలిగినంత. అయితే కెర్నెల్‌లో నడిచేది కూలితే యంత్రమే కూలుతుంది కాబట్టి చిన్నదైనంత మాత్రాన నిశ్చింతగా ఉండటానికి లేదు. అయినా చదవగలిగిన కోడ్‌కూ, దశాబ్దాలుగా ఫీచర్లు పేర్చుకుంటూ పోయిన కోడ్‌కూ తేడా ఉంది.

ఇక అప్‌డేట్ల దగ్గర ఒక చిక్కుముడి ఉంది. చాలా సంస్థల్లో వీపీఎన్ క్లయింట్ కొత్త వెర్షన్ వీపీఎన్ ద్వారానే వస్తుంది. ల్యాప్‌టాప్ ఆఫీసు ద్వారానికి కలిసినప్పుడు అక్కడి పరికరం కొత్త క్లయింట్‌ను తోస్తుంది. క్లయింట్ కూలుతూ ఉంటే కలవదు, కలవకపోతే కూలకుండా చేసే అప్‌డేట్ రాదు. పెళ్లయితే గానీ పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గానీ పెళ్లి కాదన్న సామెత ఇంతకన్నా ఎక్కడా అతకదు. వీపీఎన్‌తో సంబంధం లేకుండా అప్‌డేట్ చేరే మరో దారి ప్రతి సంస్థకూ ఉండాలి. లేని సంస్థల్లో ఊళ్లో కూర్చున్న ఉద్యోగి ల్యాప్‌టాప్ పట్టుకుని నగరానికి బస్సెక్కాల్సి వస్తుంది.

2020 ఆగస్టు నాటి ఆ లోపాల కథ అక్కడితో అయిపోలేదు. 7.8 స్కోరున్న 3433ను వాస్తవ దాడుల్లో వాడుతున్నారని ప్యాచ్ వచ్చిన రెండేళ్ల తర్వాత, 2022 అక్టోబరులో, అమెరికా సైబర్ భద్రతా సంస్థ సీసా తన జాబితాలో చేర్చింది. ఆ లోపాన్నీ, 5.5 స్కోరున్న 3434నూ సరిచేసింది ఒకే వెర్షన్, 4.9.00086. రెండేళ్ల తర్వాత కూడా దాడులకు దొరికిన ఆ కంప్యూటర్లలో ‘మధ్యస్థం’ అని పక్కనపెట్టిన లోపం కూడా అప్పటికి అలాగే ఉందన్నమాట.